పొగకీ బుడగకీ మధ్య రేకు

బండి ఇంకా మలుపు తిరగకముందే పొగమేస్త్రి ముక్కుకి సంగతి తెలిసిపోయింది. టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రేడియేటర్ నీళ్ళు కాలితే పొగ తెల్లగా, తియ్యటి వాసనతో వస్తుంది. పెట్రోలు ఎక్కువై కాలితే నల్లగా, మసి వాసనతో వస్తుంది. ఇది ఆ రెండూ కాదు. గొంతులో పట్టుకుని వదలని చేదు. ఆయిలు కాలుతోంది. బండి వెనక నిలబడి ఒక్కసారి ముక్కు ఎగబీల్చి రోగం చెప్పేస్తాడనే అతనికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అసలు పేరు చెప్పి షెడ్డు ఎక్కడని అడిగితే ఆ వీధిలో దారి చూపించేవాడు ఉండడు.

మలుపు తిరిగి వచ్చింది బండి. ముదురాకుపచ్చ రంగు, నేలని వాసన చూస్తున్నట్టు వంగిన ముక్కు, రెండే రెండు సీట్లు. హెడ్‌లైట్లు బానెట్‌లో దాక్కుని ఉంటాయి, మీట నొక్కితే పైకి లేస్తాయి. వాటిలో ఒకటి బద్ధకపుది, రెండోదాని తర్వాత తీరిగ్గా లేస్తుంది. చూసేవాళ్ళకి బండి కన్నుకొట్టినట్టుంటుంది. షెడ్డు ముందు ఆపేటప్పుడు ఓసారి ఆ లైట్లు లేపి దించడం బండి గల పళ్ళ డాక్టరమ్మకి సరదా. ఇవాళ లేపలేదు.

ఆవిడ దిగి, తలుపు నెమ్మదిగా వేసి, జరిగింది చెప్పింది. ఆసుపత్రి నుంచి ఇక్కడికి వచ్చేలోపలే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళిందట. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేసరికి వెనక స్కూటర్ మీదున్న పెద్దాయన పొగలో మాయమైపోయాడట. ఆయన మళ్ళీ కనిపించి తిట్టేదాకా తనకి భయంగానే ఉందట.

"మేస్త్రి గారూ, పుచ్చిపన్నుకి నేను కూడా చేతనైనంతసేపు వైద్యం చేస్తాను. ఆ తర్వాత పీకేస్తాను," అంది ఆవిడ. "ఇష్టపడి కొనుక్కున్న బండి. కానీ ఈసారి కూడా ఇలాగే వస్తే పాతఇనుము వాళ్ళకి ఇచ్చేస్తాను. కోపంతో అనడం లేదు."

కోపంతో అంటే బాగుండేది. కోపానికైతే పొగమేస్త్రి దగ్గర ఎప్పుడూ సరుకు నిలవుండేది. మర్యాదకి లేదు. తలూపాడు. ఆవిడ తాళాలు ముందుగదిలో ఇచ్చి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

బండి ఈ షెడ్డుకి రావడం ఇది మూడోసారి. అతని గుండెల్లో రాయి పడింది బండి గురించి కాదు. పోయినసారి ఇది వెనక్కొచ్చినప్పుడు అతని బావమరిది వాళ్ళక్కతో ఒకమాట అనేశాడు. ఈ బండి ఇంకోసారి తిరిగొస్తే నేనిక ఈ షెడ్డులో ఉండను, పేరు పోగొట్టుకుని పని చెయ్యలేను, అని. ఊరి ఆ చివర అద్దాల గోడలతో పెద్ద వర్క్‌షాపు ఒకటి లేచింది. అక్కడ నేల అన్నం తినేంత శుభ్రంగా ఉంటుంది, మేస్త్రీలు చొక్కాకి పేరుబిళ్ళలు పెట్టుకుంటారు. వాళ్ళు బావమరిదిని రమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. వస్తాడో రాడో ఇవాళ సాయంత్రం వాడు చెప్పాలి.

పోతే పోనీ అని పొగమేస్త్రి పైకి అంటూనే ఉన్నాడు. అన్నప్పుడల్లా భార్య అతని మొహం వంక ఓసారి చూసి వెళ్ళిపోయేది.

ఆ షెడ్డు చూడనివాళ్ళకి రేకు సంగతి చెప్పాలి. పొడుగాటి షెడ్డు. ముందుగదిలో పొగమేస్త్రి భార్య విడిభాగాల కొట్టు. వెనక నిరుడు దాకా ఒకటే హాలు. ఇప్పుడు దాని నడుమ ఈ కొస నుంచి ఆ కొసకి ఇనపచట్రానికి బోల్టులతో బిగించిన రేకులు. ఎడమవైపు ఇంజన్లు, పొగమేస్త్రివి. కుడివైపు రేడియేటర్లు, నీళ్ళపంపులు, గొట్టాలు, భార్య తమ్ముడివి. వాడు గొట్టాలని తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కొంగలా చూస్తూ కూచుంటాడు. అందుకని వీధంతా వాణ్ణి బుడగ అంటుంది. కోపమొస్తే వాళ్ళక్క కూడా అలాగే అంటుంది.

బుడగ పొట్టినిక్కర్లు వేసుకునే రోజుల్లో అక్క చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. స్పానరు పట్టుకోవడం నేర్పింది బావే. స్టీరింగు పట్టించిందీ బావే. ఇద్దరూ ఒకే బానెట్‌లో తలలు దూర్చి ఏళ్ళ తరబడి పని చేశారు. వాళ్ళకొక సైగ ఉండేది. ఇంజను పని చేసేటప్పుడు నీళ్ళ గొట్టం విప్పాల్సి వస్తే పొగమేస్త్రి దాని నోట్లో రబ్బరు బిరడా దూర్చి, మళ్ళీ దాని చోట తగిలించి, మీద ఎర్రగుడ్డ పేలిక కట్టేవాడు. నేను మూశాను, నువ్వు తెరువు, అని దానర్థం. బుడగ తన వంతు వచ్చినప్పుడు నీళ్ళు దించి, బిరడా లాగి, గుడ్డ విప్పి జేబులో పెట్టుకునేవాడు. నోరు తెరవాల్సిన అవసరం ఉండేది కాదు.

నిరుడు ఒక సరుకుల వ్యాను ఇంజను నడిరోడ్డు మీద పట్టేసింది. నీళ్ళు పోయి పట్టేసిందని బావ, ఆయిలు అందక పట్టేసిందని బావమరిది. మాటా మాటా పెరిగి, కొట్టుకి వచ్చినవాళ్ళందరి ముందూ పొగమేస్త్రి నోరు జారాడు. నేను నేర్పితే నేర్చుకున్నవాడివి, నాకు చెప్పొస్తావా, అన్నాడు. బుడగ స్పానరు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు హాలు నడుమ రేకులు లేచాయి.

అప్పటినుంచి బండి ముందు ఎడమవైపు వస్తుంది, ఆ సగం అయ్యాక తోసుకుంటూ కుడివైపు పోతుంది. ఎవరి సగం వాళ్ళు బాగు చేసి ఎవరి సగం వాళ్ళు పరీక్ష చేస్తారు. పొగమేస్త్రి ఇంజను స్టార్ట్ చేసి చూసేటప్పుడు బండి ముందు తలుపంత స్టాండు ఫ్యాను పెడతాడు, చల్లబరిచే పని నాది కాదు కదా అని. బుడగ ఇంజనే స్టార్ట్ చెయ్యడు, చల్లటి బండికి గాలిపంపు తగిలించి ఒత్తిడి నిలుస్తుందా లేదా చూస్తాడు. ఇద్దరి పరీక్షల్లోనూ బండి ఎప్పుడూ పాసే. రోడ్డెక్కాకే తప్పుతుంది.

ఆకుపచ్చ బండి మొదటిసారి వచ్చింది టర్బో కూతపెడుతోందని. టర్బో అంటే నత్తగుల్ల ఆకారంలో ఇనప డొల్ల, లోపల చక్రం. ఇంజను వదిలేసే పొగే ఆ చక్రాన్ని గిరగిరా తిప్పుతుంది, ఆ తిరుగుడు ఇంజనులోకి మరింత గాలి తోస్తుంది. పొగతో బతికేది కాబట్టి నిప్పులా కాలుతుంది. దాన్ని చల్లగా ఉంచడానికి ఒకపక్క ఆయిలు, ఒకపక్క నీళ్ళు తిరగాలి. పొగమేస్త్రి దాన్ని దించి, బేరింగులు మార్చి, మళ్ళీ ఎక్కించాడు. బుడగ రేడియేటర్ కడిగి, తన వైపు గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. అప్పటినుంచే ఈ వేడి, ఈ పొగ. రెండోసారి వచ్చినప్పుడు ఎవరి సగం వాళ్ళు మళ్ళీ చూసుకున్నారు. రేడియేటర్ మూసుకుపోయిందని పొగమేస్త్రి. ఇంజను మీది మూత, అంటే హెడ్డు, దాని కింద నీళ్ళని లోపలికి రాకుండా ఆపే గాస్కెట్ పట్టీ పోయిందని, హెడ్డు విప్పాల్సిందేనని బుడగ. ఈ పాత బండికి హెడ్డు విప్పడమంటే, అయ్యే ఖర్చుకి, డాక్టరమ్మ దాన్ని వదిలేసుకోవడమే.

ఇవాళ కూడా అదే పాట మొదలైంది. వేడెక్కే బండికి నా ఇంజన్ని అనొద్దని, ముందు రేడియేటర్ సంగతి చూడమని మీ తమ్ముడితో చెప్పు, అని పొగమేస్త్రి భార్యకి చెప్పాడు. పొగ రేడియేటర్లోంచి వస్తుందా అని మీ ఆయన్ని అడుగు, అని రేకు అవతలనుంచి బుడగ. రేకుకి అటూ ఇటూ చేతికందేంత దూరంలో నిలబడి ఇద్దరూ ఆమెకే చెబుతున్నారు. రేకు ఎంత పల్చనంటే అవతల దగ్గితే ఇవతల వినపడుతుంది. అయినా ఆమె ముందుగదిలో కూచుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యాలి. ఏడాదిగా అదే ఉద్యోగం.

ఇవాళ ఆమె లేచింది. ఎడమవైపు వచ్చి స్టాండు ఫ్యాను ప్లగ్గు పీకేసింది. కుడివైపు వెళ్ళి గాలిపంపు గొట్టం చుట్టి గోడకి తగిలించింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చి రేకు చివర నిలబడింది, ఇద్దరికీ కనపడేలా.

"నా చెప్పు ఒకటి ఈ షెడ్డులో పోయి ఎన్నాళ్ళయింది? అడిగితే ఆయన నీ మీద చెప్తారు, నువ్వు ఆయన మీద చెప్తావు. చెప్పు సంగతే తేల్చలేనివాళ్ళు ఇంజను సంగతి తేలుస్తారా?" అంది. "ఒరే, పోయేవాడివి పోదువుగాని. నేనేం కాళ్ళు పట్టుకుని ఆపను. కానీ చెడిపోయిన బండిని నా గుమ్మంలో వదిలేసి పోతే నిన్ను తమ్ముడని చెప్పుకోను. ఏవండీ, మీరూ వినండి. ఇద్దరూ ఎక్కండి. కొండమీది నీళ్ళ ట్యాంకు దాకా నడిపి, రోగమేంటో చూసి రండి. ఫ్యానూ లేదు, పంపూ లేదు."

రెండే సీట్లు కదా అని బుడగ గొణిగాడు.

"మీరూ ఇద్దరే కదా," అంది ఆమె.

బుడగ తాడిచెట్టంత మనిషి. ఆ బండిలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూచున్నాడు. పొగమేస్త్రి గేరు మార్చినప్పుడల్లా మోచెయ్యి వాడి తొడకి తగులుతోంది. తగిలినప్పుడల్లా ఇద్దరూ పక్కకి జరగబోతున్నారు. జరగడానికి చోటు లేదు. ఏడాదిగా ఇంత దగ్గరగా కూచున్నది లేదు. వాడి చొక్కా జేబులో ఫోను ఒకసారి మోగింది. తీసి చూసి, ఎత్తకుండానే లోపల పెట్టేసుకున్నాడు. ఎవరని పొగమేస్త్రి అడగలేదు. తెలిసినదానికి అడగడమెందుకు. వాణ్ణి అద్దాల గోడల మధ్య, చొక్కాకి పేరుబిళ్ళతో ఊహించుకున్నాడు. బిళ్ళ మీద వాడి అసలు పేరు ఉంటుంది. అక్కడ వాణ్ణి బుడగ అని పిలిచేవాడు ఒక్కడూ ఉండడు. ఆలోచన అక్కడికొచ్చేసరికి గేరు అవసరం లేనంత గట్టిగా మార్చాడు.

ఎత్తు మొదలైంది. టర్బో అందుకుంది, వీపు సీటుకి అతుక్కుంది. ఎంత విసిగించినా ఆ లాగుడు మాత్రం దొరతనంగానే ఉంది. అద్దంలో చూస్తే వెనక పొగ లేదు. ముల్లు మాత్రం కదులుతోంది. సగం దాటింది, మెల్లగా ఎర్రగీత వైపు నడుస్తోంది.

"హీటర్ వెయ్యి బావా," అన్నాడు బుడగ.

ఏడాది తర్వాత సూటిగా తనతో అన్న మొదటిమాట అది. అదీ నెత్తి మాడిపోయే ఎండలో, అద్దాలు దించినా చొక్కా వీపుకి అంటుకుపోతున్నప్పుడు. పొగమేస్త్రికి నోటిదాకా ఏదో వచ్చింది. మింగేసి హీటర్ తిప్పాడు.

మొహాల మీదికి చల్లటి గాలి వచ్చింది.

బుడగ గాలికి చెయ్యి అడ్డం పెట్టి, ముల్లు వైపు చూపించాడు. హీటర్‌కి వేడి వచ్చేది ఇంజను నీళ్ళ నుంచే. అక్కడ ఇంజను ఉడికిపోతోంది, ఇక్కడ చల్లగాలి వస్తోంది. అంటే వేడినీళ్ళు ఇక్కడిదాకా రావడం లేదు. దారిలో ఎక్కడో గాలి ఇరుక్కుని నీటికి అడ్డం కూచుంది. రేడియేటర్ మూసుకుపోతే ఇలా చల్లగాలి రాదు.

పొగమేస్త్రి కూడా గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. హీటర్ ఎలా పనిచేస్తుందో అతనికి తెలియక కాదు. దాన్ని ఇలా నాడి చూసినట్టు చూడొచ్చని ఎప్పుడూ తట్టలేదు.

"ఇది నేను నేర్పలేదే," అన్నాడు చివరికి.

"నువ్వు నేర్పనివి కూడా కొన్ని ఉన్నాయి," అన్నాడు బుడగ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ట్యాంకు గోడ నీడలో బండి ఆపారు. పొగమేస్త్రి ఇంజను కట్టెయ్యలేదు. వాణ్ణి దిగి వెనక నిలబడమన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినంతసేపు ఊరికే తిరగనిచ్చి, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. నీలపుపొగ బుస్సుమని వచ్చింది. బుడగ దగ్గుతూ దూరం జరగబోయాడు.

"పారిపోకు, ముక్కు పెట్టు," అన్నాడు పొగమేస్త్రి దిగి వస్తూ. "తీపుందా?"

"లేదు. చేదు."

"మరి మన నీళ్ళు కాలడం లేదు. హెడ్డు గాస్కెట్ పోతే నీళ్ళు కాలి తియ్యగా రావాలి. ఇంజను లోపల అరిగిపోయి ఆయిలు తాగుతుంటే ఎత్తెక్కినంతసేపూ పొగ రావాలి. రాలేదు. ఊరికే తిరిగి తిరిగి, తర్వాత తొక్కినప్పుడే వస్తోంది. అంటే ఆగినప్పుడు ఎక్కడో ఆయిలు ఊరి నిలవుంటోంది, తొక్కగానే కాలుతోంది. టర్బోలోనే."

చెబుతూ ఉండగానే తనకి తెలిసింది, ఈ పొగ చదవడం వీడికెప్పుడూ నేర్పలేదని. ముక్కు తనది కాబట్టి ఆ చదువూ తన ఒక్కడిదే అనుకున్నాడు. వాడు ఇంకోసారి వంగి వాసన చూశాడు, పరీక్షకి చదువుకునేవాడిలా.

బానెట్ ఎత్తి, వేడి తగ్గేదాకా గోడకి ఆనుకుని కూచున్నారు. వేడిమీద మూత తీస్తే మొహం ఉడుకుతుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి అంతసేపూ తిట్టుకోకుండా కూచోవలసి వచ్చింది. చల్లారాక ఆయిల్ చూసే పుల్ల లాగి చూశారు. ఆయిలు నల్లగా ఉంది కానీ పాలు కలిసినట్టు తెల్లబడలేదు, అంటే నీళ్ళు కలవలేదు. రేడియేటర్ మూత తీసి ఇంజను స్టార్ట్ చేసి చూశారు. హెడ్డు పోతే అక్కడ బుడగలు ఆగకుండా తన్నుకుంటూ రావాలి. బుడగ తన పేరు నిలబెట్టుకునేంతసేపు తొంగిచూశాడు. ఒకటీ రాలేదు. హెడ్డు బాగుందని వాడే ఒప్పుకున్నాడు. రేడియేటర్ అంతా చేత్తో తడిమి అదీ బాగుందని పొగమేస్త్రి ఒప్పుకున్నాడు. ఇద్దరూ ఒకరిమీద ఒకరు పెట్టుకున్న కేసులు రెండూ ఒకేసారి కొట్టేసినట్టయింది.

మరి ఇక మిగిలిందేమిటి? ఇంజన్ వాడిదీ కాని, నీళ్ళవాడిదీ కాని చోటు. టర్బో నుంచి పైనున్న కూలెంట్ నీళ్ళ డబ్బాకి వెళ్ళే సన్నటి గొట్టం. టర్బోని చల్లబరిచిన నీళ్ళు తిరిగి వచ్చే దారి అది. నీళ్ళలో చిక్కిన గాలి పైకి పోయే దారీ అదే.

ఇంజను కట్టేసి, పొగమేస్త్రి చేతికి గుడ్డ చుట్టుకుని టర్బో దగ్గర నుంచి గొట్టం తడుముకుంటూ వచ్చాడు. కాలిపోతోంది. బుడగ డబ్బా దగ్గర నుంచి తడుముకుంటూ వచ్చాడు. చల్లగా ఉంది. ఒకడి చెయ్యి వేడిలోంచి, ఒకడి చెయ్యి చల్లదనంలోంచి జరిగి జరిగి ఇనపగొట్టమూ రబ్బరుగొట్టమూ కలిసే క్లిప్పు దగ్గర ఒకదానికొకటి తగిలాయి. క్లిప్పు కింద నల్లగా మాడిన నూలుపోగు ఒకటి అతుక్కుని ఉంది. బుడగ దాన్ని గోటితో గీకాడు. లోపల పొరలో ఇంకా కాస్త ఎరుపు ఉంది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

బుడగే ముందు మాట్లాడాడు. "చూశాను బావా. బండి మొదటిసారి వచ్చినప్పుడే ఎర్రగుడ్డ కట్టి ఉండడం చూశాను. ఇది ఇంజన్ వైపు గొట్టం కదా, అంత కావలసినవాడు నోటితో చెప్పుకుంటాడు, గుడ్డ కడితే నేనెందుకు విప్పాలి అనుకున్నాను."

ఏడాది కిందటి పొగమేస్త్రి అయితే ఈ ఒక్కమాటతో వాణ్ణి ఉతికి ఆరేసి ఉండేవాడు. నోరు తెరిచాడు కూడా. కానీ రేకు గుర్తుకొచ్చింది. ఆ రోజు గుడ్డ కడుతున్నప్పుడు అవతల వీడు ఎవరితోనో ఫోన్లో మాట్లాడడం ప్రతిమాటా వినపడింది.

"ఒరేయ్, గట్టిగా కూడా అరవక్కర్లేదు. బిరడా తియ్యమని నేను అక్కడినుంచి మామూలుగా అన్నా నీకు వినపడేది," అన్నాడు. "అనలేదు."

అంతకంటే ఆ సంగతి ఎవరూ పొడిగించలేదు. క్లిప్పు వదులు చేసి గొట్టం లాగారు. లోపల బిరడా వేడికి బిగుసుకుని గొట్టానికి కరుచుకుని ఉంది. బుడగ సన్నముక్కు పట్టకారుతో పట్టుకుని మెలితిప్పి, మెలితిప్పి బయటికి లాగాడు. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. ఉడికి గట్టిపడిన రబ్బరు ముక్క, ఒకపక్క నీలిరంగు చార, చార మీద చిన్న తెల్లపువ్వు.

"బావా," అన్నాడు నెమ్మదిగా. "ఇది అక్క చెప్పు కదా?"

పొగమేస్త్రి ఆకాశం వంక చూశాడు. ఆ రోజు చేతికి రబ్బరు ముక్క దొరక్క, గుమ్మం దగ్గర పడున్న చెప్పు మడమ కోసిన మాట నిజమే. పాతది, తెగిపోయింది అనుకున్నాడు. తెగలేదని సాయంత్రం తెలిసింది. మిగతా చెప్పు పాత టైర్ల వెనక పడేశాడు.

బుడగ గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆఖరికి కింద కూచుండిపోయాడు. ఇన్నాళ్ళూ అక్క నన్ను దొంగని చేసి మాట్లాడింది, అంటున్నాడు నవ్వు మధ్యలో. పొగమేస్త్రి మొహం గంటు పెట్టుకుందామనుకున్నాడు. కుదరలేదు. ఏడాదిగా వాడకపోవడం వల్ల అతని నవ్వు కూడా గాలి ఇరుక్కున్న గొట్టంలా ముందు గుడగుడమని, తర్వాతే దారికొచ్చింది.

గొట్టం మళ్ళీ తగిలించి ఇంజను స్టార్ట్ చేశారు. కూలెంట్ డబ్బాలో బుడగలు లేచాయి. ఒకటి, ఇంకొకటి, తర్వాత గుంపులు గుంపులుగా, ఏడాది సరిపడా దాచుకున్న మాటల్లాగా. డబ్బాలో మట్టం దిగిపోతూ ఉంటే బుడగ సీసాలో తెచ్చిన నీళ్ళు పోస్తూ వచ్చాడు. కాసేపటికి బుడగలు ఆగాయి. ముల్లు సగం దగ్గర నిలబడింది. వాడు లోపలికి వంగి హీటర్ దగ్గర చెయ్యి పెట్టాడు.

"వేడి," అన్నాడు.

దిగువకి వచ్చేటప్పుడు ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయ్యారు. అయినా హీటర్ కట్టమని ఒక్కడూ అనలేదు. మొహం మాడిపోయే ఆ గాలిని పండక్కొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తూ షెడ్డు దాకా వచ్చారు.

పొగ పూర్తిగా పోలేదు. సిగ్నల్ దగ్గర కదిలినప్పుడు నీలంగా ఒక తెర లేచింది, ఇందాకటిలో సగం కూడా లేదు. సైలెన్సర్‌లో ఊరిన ఆయిలు కాలి తీరాలి, అది కొంత. నీళ్ళందక టర్బో కాగినప్పుడు కింద ఆయిలు దిగే గొట్టంలో ఆయిలు మాడి అట్టకట్టి ఉంటుంది, అది కొంత. ఆ గొట్టం విప్పి గీకాలి. టర్బోలో ఆయిలు కారకుండా ఆపే సీలు బతికి ఉందో లేదో ఆ తర్వాతే తెలుస్తుంది. బతికి ఉంటుందనే పొగమేస్త్రి ముక్కు చెబుతోంది. ఆ మాట పైకి అన్నాడు. మామూలుగా అతను మంచిమాటలు ముందుగా పైకి అనే మనిషి కాదు.

షెడ్డులో ఒక చిక్కొచ్చింది. ఆయిలు గొట్టం కిందినుంచి విప్పాలి, అదే సమయంలో పైన నీళ్ళు దించి ఆ రబ్బరు గొట్టం మార్చాలి. బండిని ఎడమవైపు పెడితే బుడగ నీళ్ళతొట్టి అందదు. కుడివైపు పెడితే పొగమేస్త్రి సామాను అందదు. అడ్డంగా పెట్టాలి. అడ్డంగా రేకు ఉంది.

బుడగ రేకు వంక చూశాడు. బావ వంక చూడలేదు. పెట్టెలోంచి స్పానరు తీసుకుని కిందివరస బోల్టు మొదలుపెట్టాడు. తుప్పు పట్టి కదలడం లేదు. పొగమేస్త్రి ఆయిలు డబ్బా తెచ్చి బోల్టు మీద రెండు చుక్కలు వేసి, అవతలిపక్క నట్టు తిరక్కుండా పట్టుకున్నాడు. రేకుకి అటొకడు ఇటొకడు, ఒకడు తిప్పుతుంటే ఒకడు పట్టుకుంటూ, నడుమనున్న రేకులన్నీ దింపారు. ముందుగదిలోంచి పొగమేస్త్రి భార్య ఆ చప్పుడు విని లేచి వచ్చింది. గుమ్మానికి ఆనుకుని చూసింది. బుడగ ఆమె చేతిలో రబ్బరు ముక్క పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి చూసింది, తెల్లపువ్వు దగ్గర ఆగింది, మొగుడి వంక చూసింది. పొగమేస్త్రికి హఠాత్తుగా బండి కింద పని గుర్తొచ్చింది. ఒక రేకు నేలమీద పరిచి, దానిమీద వెల్లకిలా పడుకుని లోపలికి జారిపోయాడు.

సాయంత్రం ఎండ షెడ్డులోకి ఏటవాలుగా పడుతున్నప్పుడు బల్లమీద పెట్టిన బుడగ ఫోను మోగింది. వాడి చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాయి. వాళ్ళక్క వచ్చి ఫోనెత్తింది. బండి కింద పొగమేస్త్రి చేతిలో స్పానరు ఆగిపోయింది. ఆమె ఇటు మాటలు వినపడుతున్నాయి, అటు మాటలు వినపడడం లేదు.

"లేడండీ, బండి దగ్గర ఉన్నాడు." కాసేపు ఆగింది. "రేపా?" అని తమ్ముడి వైపు చూసింది.

బుడగ తొట్టిలోంచి గొట్టం పైకెత్తి, నీరు కారనిచ్చి, వెలుతురుకి పట్టి చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు, గొట్టానికి ఊపాడో అక్కకి ఊపాడో తెలియనంత చిన్నగా. ఆమెకి తెలిసింది.

"రేపు కూడా బండి దగ్గరే ఉంటాడండీ," అని ఫోను పెట్టేసింది.

బుడగ చేతులు తుడుచుకున్నాడు. వెళ్ళి బండి లైట్ల మీట నొక్కాడు. ఒకటి లేచింది, రెండోది తీరిగ్గా దాని వెనకే లేచింది. కింద పడుకున్న పొగమేస్త్రికి లైట్లు కనపడలేదు, మోటారు మూలుగు మాత్రం వినపడింది. నవ్వుకుని, ఆయిలు గొట్టంలోంచి మాడిన అట్టలు గీకడం మొదలుపెట్టాడు. నల్లగా, పెళుసుగా, పెచ్చులు పెచ్చులుగా మొహం మీద రాలుతున్నాయి. రాలేకొద్దీ గొట్టం లోపల ఇనుము మెరుస్తోంది.

పైన బుడగ కొత్త రబ్బరు గొట్టానికి బిరడా పెట్టి, జేబులోంచి పేలిక తీసి కట్టాడు. కట్టి, బానెట్‌లోంచి కిందికి వంగాడు.

"బావా, నీళ్ళు మూశాను. నువ్వు కిందినుంచి వచ్చాక తెరవాలి. చెప్తున్నాను."

"విన్నాను," అన్నాడు పొగమేస్త్రి.